కుక్కకు చెప్పే తెలుగు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో కారడవి ఉంది, పొంగే నది ఉంది. ఒక తల్లి, తల్లిలాంటి మరొక తల్లి, పోగొట్టుకున్న ఒక నిధి, ఆ నిధిని వెతుక్కుంటూ నాయిక చేసిన సుదీర్ఘ ప్రయాణం, చివర ఒక మరణం ఉన్నాయి. ఇలా మొదలుపెట్టి రెండు వాక్యాలు రాశాక నాకే సిగ్గేసింది. కారడవిని చాలామటుకు కొట్టేసి జామాయిల్ వేశారు. నది అన్నది ఒక వాగు, అదీ వానాకాలంలోనే. సుదీర్ఘ ప్రయాణమంటే ఖమ్మంలో ఎర్రబస్సెక్కి టేకులపల్లిలో దిగడం. నాయికను నేనే, నాకు బస్సులో వాంతులవుతాయి. ఇక నిధి సంగతి: నాకు ఆరేళ్లప్పుడు ఒక భాష వచ్చేది, ఇప్పుడు రాదు. కథ ఇంతే. కావ్యం కోసం ఎక్కినవాళ్లు ఈ స్టాపులోనే దిగిపోవచ్చు.

జ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలని, మోకాళ్లు నొప్పులు పుట్టాలని ఒక నమ్మకం. నాకింకా ముప్పై నిండలేదు, మోకాళ్లు బాగానే ఉన్నాయి. కానీ నా చిన్నతనానికి సాక్షులు ఇద్దరే ఉండేవారు, అందులో ఒకరు ఈ మధ్య పోయారు. మిగిలిన సాక్షి మా అమ్మ. ఆమెకు అప్పటి సంగతులు సగమే అర్థమయ్యాయి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. నేను ఖమ్మంలో ఒక కోచింగ్ సెంటర్లో స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. మా బోర్డు మీద టై కట్టుకున్న తెల్లవాడొకడు నవ్వుతుంటాడు. వాడి నోటి పక్కన బుడగలో "మూడు నెలల్లో అనర్గళంగా" అని ఉంటుంది. వాడు ఏ భాష నేర్చుకున్నాడో, వాడికెన్ని నెలలు పట్టిందో మాకెవరికీ తెలియదు. భాష ఎలా వస్తుందో చెప్పినందుకు నాకు జీతమిస్తారు. ఎలా పోతుందో ఇంతవరకు ఏ స్టూడెంటూ అడగలేదు.

ఆ పొద్దున క్లాసులో ఉండగా ముత్తయ్యన్న ఫోన్ చేశాడు. ముత్తయ్యన్న అంటే జోగవ్వ కొడుకు. జోగవ్వ అంటే నన్ను పెంచిన కోయ ముసలమ్మ. టేకులపల్లి నుంచి అడవి దారిన లోపలికి పోతే వచ్చే గూడెం వాళ్లది. ముత్తయ్యన్న ఆటో నడుపుతాడు. ఫోన్‌లో కూడా ఇంజను ఆగనట్టే గబగబా మాట్లాడతాడు. ఆ రోజు మెల్లగా మాట్లాడాడు.

"చెల్లె, అవ్వ పోయింది. పొద్దు గూకకముందే ఎత్తుతం. నువ్వు, సిస్టరమ్మ రావాలె. ఆమె చేతి జావ తాగినోళ్లు వచ్చి మాట చెప్పాలె గద."

సిస్టరమ్మ అంటే మా అమ్మ. మాట చెప్పడం ఆ గూడెంలో పద్ధతి. పోయినవాళ్లను ఎత్తే ముందు, వాళ్ల చేతి కూడు తిన్నవాళ్లంతా ఒక్కొక్కరే మంచం దగ్గరికి పోయి, చేయి పట్టుకుని, చెప్పాల్సిన మాట చెప్పాలి. చెప్పకపోతే పోయినవాళ్లు ఆ మాట కోసం దారిలో ఆగి వెనక్కి చూస్తుంటారట. తప్పకుండా వస్తామన్నాను, అమ్మ ప్రార్థన కూడా చేస్తుందన్నాను.

"ప్రార్థన మీ ఇష్టం," అన్నాడు ముత్తయ్యన్న. "మాట మాత్రం మా దాంట్లనే చెప్పాలె. ఆమె పొయ్యే కాడ తెలుగు వచ్చినోళ్లు ఎవ్వలున్నరు?"

పోనీలే, జోగవ్వకు ఆ సుఖమైనా దక్కుతుంది అనుకున్నాను. తర్వాత నా సంగతి గుర్తొచ్చింది. నేను కోయ మాట్లాడి ఇరవయ్యేళ్లు దాటింది. ఎవరైనా మాట్లాడితే తెలుస్తుంది, నోటికి మాత్రం రాదు. బస్సు ఖమ్మం దాటి ఇల్లెందు చేరి టేకులపల్లికి వెళ్లే లోపల నాకొక వాక్యం కావాలి. ఒక మనిషిని సాగనంపడానికి సరిపోయే వాక్యం. నేను క్లాసులో పిల్లలకు "సెల్ఫ్ ఇంట్రడక్షన్" ఒక్కపూటలో నేర్పిస్తాను. వీడ్కోలుకు మా దగ్గర పాఠం లేదు.

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని పెదవులు కదుపుతోంది. జపమాల అనుకున్నాను. కాదు, ఆమె కూడా వాక్యమే వెతుకుతోంది. "కోయలో నాకేం వచ్చు, నొప్పెక్కడ, జొరం ఎన్నాళ్ల నుంచి, అంతేగా," అంది. అమ్మది మధిర వైపు ఊరు. అమ్మ తెలుగు మెత్తగా ఉంటుంది, బాధపడినా ఎవరినో ఊరడిస్తున్నట్టే ఉంటుంది.

అమ్మ నర్సు. పెళ్లయిన కొత్తలో ఆమెకు ఆ గూడెం సబ్‌సెంటర్‌లో ఉద్యోగం వచ్చింది. సబ్‌సెంటర్ అంటే రెండు గదులు, ముందు గదిలో రోగులు, వెనక గదిలో మేము. నాన్న ఖమ్మంలో ప్రింటింగ్ ప్రెస్సులో పని చేసేవాడు. శనివారం సాయంత్రం వచ్చి, ఆదివారం వంగకుండా కూర్చుని బైబిలు చదివి, కోడికూర తిని, సోమవారం తెల్లారేసరికి మాయమయ్యేవాడు. చాలాకాలం దాకా నేను నాన్న కూడా వారానికోసారి వచ్చే సంతలాంటి ఏర్పాటేననుకున్నాను. ఇంట్లో రెండు వాసనలుండేవి. ముందు గదిలో స్పిరిటు, బ్లీచింగు పౌడరు. వెనక గదిలో కిరసనాయిలు స్టవ్వు, దాని మీద మాడిన పాలు. ఎండలు ముదిరే కాలంలో ఈ రెంటినీ మింగేసే మూడో వాసన వచ్చేది. గూడెమంతా ఇప్పపువ్వు ఏరుకొచ్చి వాకిళ్లలో ఆరబోసేవాళ్లు. పులిసిన బెల్లం లాంటి, నిద్ర వచ్చే వాసన. అమ్మకు తలనొప్పి వచ్చేది. నాకు ఇప్పటికీ ఎక్కడ ఆ వాసన తగిలినా ఆకలేస్తుంది. డాక్టరుకు చెబితే గ్యాస్ అన్నాడు.

అమ్మ సూదుల డబ్బా పట్టుకుని ఊళ్లు తిరగడానికి పోతే నన్ను చూసేవాళ్లు లేరు. జోగవ్వ ఇల్లు సబ్‌సెంటర్ పక్కనే. ఆమె నన్ను చూసుకుంటానని చెప్పిందో, లేక నేనే పాకుతూ పోయి ఆమె వాకిట్లో తేలానో తెలియదు. మా ఇంట్లో రెండు కథలూ ఉన్నాయి. నడుముకు గుడ్డ కట్టి నన్ను అందులో వేసుకుని తిరిగేది. ఆకుచుట్ట కాలుస్తూనే జావ కాచేది, కోళ్లకు గింజలు చల్లేది, విస్తరాకులు కుట్టేది. చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని కాల్చడం ఆమె అలవాటు. చాలాసేపు మాట్లాడకుండా ఉండి, హఠాత్తుగా చుట్ట తీసి, కోడితో ఒక పెద్ద సంగతి చెప్పేది. ఆ కోళ్లతో చెప్పిన సంగతులే నా మొదటి పాఠాలు. ఎవరూ నేర్పలేదు. ముప్పై రోజుల కోర్సు లేదు, చివర సర్టిఫికెట్ లేదు. పరీక్ష ఒక్కటే ఉండేది. ఆకలేస్తోందని సరిగ్గా చెబితే జావ వచ్చేది, తప్పుగా చెబితే కొంచెం ఆలస్యంగా వచ్చేది. ఇప్పుడు నేను పెట్టే పరీక్షల్లో అంత న్యాయం లేదు.

అమ్మ మాత్రం పద్ధతిగా నేర్చుకుంది. తెలుగు వచ్చిన ఒక బడిపంతులును కూర్చోబెట్టుకుని, రోగిని అడగాల్సినవన్నీ కోయలో చెప్పించుకుని, చిన్నప్పుడు చర్చిలో ప్రశ్నోత్తరాలు బట్టీ పట్టినట్టు పట్టేసింది. నొప్పి ఎక్కడ? ఎన్నాళ్ల నుంచి? నోరు తెరువు. బిడ్డ కదులుతోందా? అన్నం తిన్నావా? ఉచ్చారణ కూడా అచ్చు గూడెం మనిషిలా ఉండేదట. ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, పంతులు ప్రశ్నలు నేర్పాడు గానీ జవాబులు నేర్పలేదు. ఇంత చక్కగా అడిగింది కదా, ఈమెకు మన మాట పూర్తిగా వచ్చు అనుకుని, రోగి చుట్టూ ఉన్న నలుగురినీ సాక్ష్యానికి పిలుచుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టేవాడు. అమ్మ అంతా విని, "అలాగా" అని తెలుగులో అని, జ్వరం బిళ్ల ఇచ్చేది. కొందరికి తగ్గేది. తగ్గనివాళ్లు మళ్లీ వచ్చి ఇంకా వివరంగా చెప్పేవాళ్లు.

నాకు నాలుగైదేళ్లు వచ్చేసరికి ఈ చిక్కు తీరింది. అమ్మ దగ్గర ప్రశ్నలున్నాయి, నా దగ్గర జవాబులున్నాయి. పసిపిల్లల్ని తూచే తక్కెడ మీద నన్ను కూర్చోబెట్టేది, నేను తెలుగు చేసి చెప్పేదాన్ని. దుబాసీలకు అంత చిన్న వయసులో ఉద్యోగం దొరకడం అరుదు. కాకపోతే నా తర్జుమాలో పొదుపు ఎక్కువ. ఒక మనిషి వాగు దగ్గర ఎవరు ఎదురొచ్చారో, ఏ చెట్టు కింద కూర్చుంటే ఒళ్లు జలదరించిందో, రాత్రి కలలో చచ్చిపోయిన అన్న వచ్చి ఏమన్నాడో అంతా చెబితే, నేను బొమ్మతో ఆడుతూ "జొరమంట" అనేదాన్ని. "అంతసేపు అదేనా చెప్పింది?" అని అమ్మ అడిగేది. "అవ్, అదే," అనేదాన్ని. నా తెలుగు కూడా అప్పటికి మధిర తెలుగు కాదు, గూడెం అంచున పెరిగిన తెలుగు. అందుకు కూడా అమ్మ దిగులు పడేది.

ఇక జోగవ్వ తెలుగు. ఆమెకు తెలుగు రాదని చెప్పడం అన్యాయం. వచ్చు. ఆమెకు తెలుగు ఎవరెవరు నేర్పారో వాళ్లంతా ఆమె నోట్లో ఉండేవాళ్లు. బస్సు కండక్టరు నేర్పింది "జరుగు, ముందుకు జరుగు." సంతలో చింతపండు కొనేవాడు నేర్పింది "ఇస్తే ఇయ్యి, లేకుంటే పో." అడవి దారిలో కట్టె అడ్డం పెట్టుకుని నిలబడే ఖాకీ చొక్కాయన నేర్పింది "ఏయ్, గంప దించు." ఇంకొన్ని ఉన్నాయి, వాటిని ఇక్కడ రాస్తే పుస్తకం పిల్లలకు పనికిరాకుండా పోతుంది. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాకపోవచ్చు. కండక్టరు ఇంటికెళ్లి పెళ్లాంతో మెత్తగానే మాట్లాడి ఉంటాడు. ఆ మెత్తటి తెలుగు జోగవ్వ దాకా రాలేదు, అంతే. అరవయ్యేళ్లలో ఆమెను ఎవరూ తెలుగులో "కూర్చో, తిను" అనలేదు. తెలుగంటే ఎవరినైనా కదిలించడానికి, ఆపడానికి, దింపడానికి వాడే భాష అని ఆమె తీర్మానించుకుంది. ఆమెకు దొరికిన ఉదాహరణలను బట్టి చూస్తే ఆ తీర్మానంలో తప్పేమీ లేదు.

కాబట్టి ఆ భాషను ఆమె తనకు పనికొచ్చే చోట వాడింది. కోళ్లతో కోయ మాట్లాడేది, నాతో కోయ మాట్లాడేది, చనిపోయిన భర్తతో కూడా అప్పుడప్పుడు కోయ మాట్లాడేది. కుక్కతో మాత్రం తెలుగు. వాకిట్లో దారికడ్డంగా పడుకుంటే "జరుగు, ముందుకు జరుగు." జావకుండ దగ్గర మూతి పెడితే "ఇస్తే ఇయ్యి, లేకుంటే పో." మరీ ఎగిరితే వేలు చూపించి "గంప దించు" అనేది. ఆ కుక్కకు గంప లేదు. అయినా ఆ మాట వినగానే వెనక కాళ్లు మడిచి కూర్చునేది. గూడెంలో తెలుగు బాగా వచ్చినవాళ్లు ఎవరని అడిగితే నేను పంతులు పేరు, ఆ కుక్క పేరు చెప్పేదాన్ని. కుక్కకు పేరు లేదు, అది వేరే సంగతి.

అమ్మంటే జోగవ్వకు ఇష్టం. అడవి నుంచి తేనె తెచ్చినా, పుట్టగొడుగులు తెచ్చినా మొదట అమ్మకే. కానీ అమ్మకు కోయ జవాబులు తెలియవు కదా. అందుకని అమ్మతో ప్రేమగా మాట్లాడాలనిపించినప్పుడు పాపం తెలుగే వాడేది. తేనె దొన్నె అమ్మ చేతిలో పెట్టి, నిండు నవ్వుతో, "ఏయ్, పో," అనేది. అమ్మ మొదట్లో ఏడ్చిందట.

నన్ను ఖమ్మంలో హాస్టలు బడిలో వేశారు. ఎందుకంటారా? తక్కెడ మీద కూర్చునే వయసు దాటింది, మనిషి మాటల మధ్యలో "అవ్" అంటోంది, ఇలాగే వదిలేస్తే పిల్లకు ఇంగ్లీషు కాదు కదా తెలుగు కూడా రాదని నాన్నకు భయం పట్టుకుంది. హాస్టల్లో కొట్టలేదు, తిట్టలేదు. అలాంటిదేదైనా జరిగి ఉంటే ఈ అధ్యాయానికి కాస్త బరువొచ్చేది. నేను కోయలో మాట్లాడితే జవాబిచ్చేవాళ్లు ఎవరూ లేరు, అంతే జరిగింది. ఆకలేస్తోందని కోయలో చెబితే అన్నం రాలేదు. తెలుగులో చెబితే వచ్చింది. ఇంగ్లీషులో చెబితే అన్నంతో పాటు చప్పట్లు కూడా వచ్చాయి. పిల్లలు లెక్క జల్దీ నేర్చుకుంటారు.

మొదటి ఎండాకాలం సెలవులకు నాన్న నన్ను గూడెం తీసుకొచ్చాడు. కొత్త బూట్లు, వీపు మీద బరువైన సంచి. ఇప్పపువ్వు వాకిళ్ల నిండా ఆరబోసి ఉంది. జోగవ్వ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి చుట్ట తీసి కోయలో గబగబా ఏదో అంది. ఎంత చిక్కిపోయావు, వాళ్లు తిండి పెట్టలేదా, ఈ బూట్లేంటి, రా. అంతా అర్థమైంది. నేను జవాబు చెప్పాను, తెలుగులో. బాగున్నానవ్వా, వాళ్లు పూరీలు కూడా పెడతారు అన్నాను. ఆ మాటలే నోట్లో ముందున్నాయి, ముందున్నవి ముందొచ్చాయి. జోగవ్వ కాసేపు నా నోటి వంక చూసింది. అందులో ఏమైనా దెబ్బ తగిలిందేమో చూస్తున్నట్టు చూసింది. తర్వాత ఆమె ముఖం మర్యాదగా మారింది. ఈ పిల్ల ఇప్పుడు తెలుగు మనిషి, తెలుగు మనిషితో తెలుగులోనే మాట్లాడాలి అని తెలిసిన మనిషి మర్యాద అది. తన దగ్గరున్న తెలుగంతా వెతికి, అందులో ఈ సందర్భానికి పనికొచ్చేది ఏరి, నా వీపు మీది సంచి వైపు వేలు చూపించి, చాలా మెత్తగా అంది.

"గంప దించు."

నేను సంచి దించి కూర్చున్నాను. నా పక్కన కుక్క కూడా కూర్చుంది.

ఆ సెలవులంతా, ఆ తర్వాత వచ్చిన రెండు మూడు సెలవులూ ఆమె నాతో తెలుగే మాట్లాడింది. జావ పోసి "జరుగు" అనేది. తల దువ్వుతూ "పో, పో" అనేది. నేను నవ్వేదాన్ని, ఆమె కూడా నవ్వేది. కోడితో మాట్లాడేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేది, పెద్దవాళ్లు పిల్లలు వినకూడని సంగతులు మాట్లాడుకున్నట్టు. తర్వాత అమ్మకు జూలూరుపాడు వైపు బదిలీ అయింది, తర్వాత ఖమ్మం దగ్గరికి. గూడెం పండగలకు పోయే ఊరు అయింది, తర్వాత పెళ్లిళ్లకు, తర్వాత ఫోన్‌కు. ఫోన్‌లో జోగవ్వ ఎప్పుడూ ఒక్క మాటే అనేది. "పో," అనేది. బాగున్నావా అని దానర్థం. నేను బాగున్నానని చెప్పేదాన్ని.

ఇప్పుడు మా క్లాసులో పిల్లల్ని చూస్తుంటే నాకు ఆ కుక్క గుర్తొస్తుంది. పిల్లల్ని తక్కువ చేసి అనడం లేదు, నన్ను కూడా కలుపుకునే అంటున్నాను. వాళ్లకు నేను నేర్పే ఇంగ్లీషంతా "మే ఐ కమిన్ సర్", "సారీ సర్", "థాంక్యూ సర్". లోపలికి రానిచ్చేవాడెవడో ఎదురుగా కుర్చీలో ఉంటాడు, వీళ్లు గుమ్మంలో ఉంటారు. మూడు నెలల్లో అనర్గళంగా గుమ్మంలో నిలబడడం వస్తుంది. వాళ్లను ఎవరూ ఇంగ్లీషులో ఎత్తుకోలేదు, జావ పోయలేదు. మనకు ఒక భాష వచ్చిందంటే, ఆ భాషలో మనతో మాట్లాడినవాళ్లు మనలోకి వచ్చి కూర్చున్నారని అర్థం. జోగవ్వలో కండక్టరు కూర్చున్నాడు. అమ్మలో పంతులు, అది కూడా సగం పంతులు. నాలో ఎవరున్నారో ఆ రోజు బస్సు దిగేదాకా నాకు తెలియలేదు. ఇదంతా మేనేజరుతో చెబితే, బ్యాచ్ టైమింగ్స్ మార్చమంటున్నావా అని అడిగాడు.

ముత్తయ్యన్న టేకులపల్లి బస్టాండుకు ఆటో తెచ్చాడు. దారిలో అమ్మ అడిగింది, చివరి రోజుల్లో ఎలా ఉందని. బాగానే ఉంది, తిరిగేది, చుట్ట మానలేదు అన్నాడు. తర్వాత అద్దంలోంచి మా వైపు చూడకుండా చెప్పాడు.

"ఇంట్ల మేం కోయ బంద్ పెట్టినం సిస్టరమ్మా. పిల్లలు బడిల ఎనకబడ్తున్నరని. అందరం తెలుగే. అవ్వ పిల్లలతోని ఆమె తెలుగు ఆమె మాట్లాడేది, వాళ్లు నవ్వెటోళ్లు. ఆఖరికి కోళ్లు గూడ లెవ్వు, తెగులొచ్చి పోయినయ్. ఇగ కుక్కతోని మాట్లాడేది, కోయల."

ఆ కుక్క కాదు, దాని మునిమనవడు ఎవరో అయి ఉంటాడు. తెలుగు మనవళ్లకు పోయింది, కోయ కుక్కకు వచ్చింది. ముత్తయ్యన్నే మళ్లీ, "మా పెద్దపిల్లను మీ కాడ ఇంగ్లీషుల చేర్పిస్త చెల్లె. రాకుంటే ఎట్ల బతుకుతరు?" అన్నాడు. చేర్పించన్నా అన్నాను. ఇంకేమంటాను? మా బోర్డు మీది తెల్లవాడు కూడా అదే అనేవాడు.

వాకిట్లో వేపచెక్క మంచం మీద పడుకోబెట్టారు. ముఖానికి పసుపు. మనిషి నేననుకున్నదానికన్నా చిన్నగా ఉంది, లేదా నన్ను మోసినప్పుడు నాకు పెద్దగా కనబడి ఉంటుంది. ఒక పక్క డోలు నెమ్మదిగా కొడుతున్నారు. ఆడవాళ్లు మంచం పట్టె పట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు పాటలాగా ఏడుస్తున్నారు. ఆ ఏడుపులో ఆమె చేసినవన్నీ చెబుతున్నారు. ఏ వాగు దాటింది, ఎవరికి పురుడు పోసింది, ఎవరిని తిట్టింది. ముత్తయ్యన్న కూతురు నన్ను చూసి "హలో ఆంటీ, హౌ ఆర్ యూ" అంది. ఫైన్ అన్నాను. అక్కడ అంతకన్నా పెద్ద అబద్ధం ఇంకెవరూ ఆడలేదు.

జనం ఒక్కొక్కరే వెళ్లి మాట చెప్పి వస్తున్నారు. మాకు దారి ఇచ్చారు. అమ్మ ముందు వెళ్లింది. మంచం పక్కన కూర్చుని జోగవ్వ చేయి పట్టుకుంది. పట్టుకోవడంలోనే వేళ్లు అలవాటుగా మణికట్టు మీదికి పోయి, నాడి దగ్గర ఆగాయి. తీయాలని తోచలేదు ఆమెకు. నోరు తెరిచింది, తెలుగు ప్రార్థన ఏదో మొదలైంది, ఆపుకుంది. తర్వాత తనకొచ్చిన కోయ మాట్లాడింది. ఆ మాటలను నేనిక్కడ తెలుగులోనే రాస్తున్నాను. కోయలో రాస్తే తప్పులు దొర్లుతాయి, దిద్దే మనిషి మంచం మీద ఉంది.

"నొప్పి ఎక్కడ?" అంది అమ్మ. "ఎన్నాళ్ల నుంచి?"

ఏడుస్తున్న ఆడవాళ్లు ఆగారు. అమ్మ ఉచ్చారణ అప్పటిలాగే అచ్చంగా ఉంది. ఒక ముసలామె ఆ ప్రశ్నను అందుకుని, అదే రాగంలో తిరిగి పాడింది. నొప్పి ఎక్కడే జోగీ, సూదులమ్మ వచ్చి అడుగుతోంది. మిగతావాళ్లు జవాబు పాడారు. నడుములో నొప్పి, బిడ్డలను మోసిన నడుములో. కాళ్లలో నొప్పి, గంప దించి ఎత్తిన కాళ్లలో. నోట్లో నొప్పి, పలికేవాళ్లు లేని నోట్లో. ఎన్నాళ్ల నుంచో అని ఒకరు, శానా ఏండ్ల నుంచో అని ఇంకొకరు. అమ్మ చేయి వదలకుండా తల ఊపుతూ అంతా విన్నది. అప్పట్లో రోగుల ముందు కూర్చుని విన్నట్టే విన్నది. తర్వాత "అన్నం తిన్నావా?" అని అడిగి, లేచి, కొంగు నోట్లో కుక్కుకుని పక్కకు వచ్చేసింది.

నా వంతు. బస్సులో కూడబలుక్కున్న వాక్యం ఒకటి ఉంది. నువ్వు నన్ను పెంచావు, నిన్ను మరచిపోను అని, ఎక్కడెక్కడివో ముక్కలు అతికించి తయారు చేసుకున్నది. ఇంటర్వ్యూకు తయారైనట్టు తయారయ్యాను. కూర్చున్నాను. చేయి పట్టుకున్నాను. చేతికి ఇప్పపువ్వు వాసన, చుట్ట వాసన. ఆ వాసనకు నా వాక్యం పోయింది, దానికి బదులు లోపలి నుంచి ఇంకేవో వచ్చాయి. ఇరవయ్యేళ్లుగా నాలో ఎవరు కూర్చున్నారో అప్పుడు తెలిసింది. ఆరేళ్ల పిల్ల కూర్చుంది, ఒక్క ఏడు కూడా పెరగకుండా.

"ఆకలేస్తోంది," అన్నాను కోయలో. అదొక్కటే ఉందనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. "లే. ఎత్తుకో."

నాకొచ్చిన కోయ అంతే. మర్యాద మాటలు నేర్చుకునేదాకా అక్కడ లేను. వీడ్కోలు మాటలు ఆరేళ్ల పిల్లలకు ఎవరూ నేర్పరు. ఇంతమంది ముందర ముప్పై ఏళ్లు రాబోతున్న మనిషి శవాన్ని జావ అడిగింది అని నాకు తెలుస్తూనే ఉంది, అయినా నోరు ఆగలేదు. ఇంకోసారి అడిగాను. అప్పుడు రాగం తీస్తున్న ముసలామె, రాగం వదిలేసి, మామూలు గొంతుతో, వాకిట్లో గొడవ చేసే పిల్లకు చెప్పినట్టు కోయలో చెప్పింది.

"అవ్వ పడుకుంది. లేపకు. పోయి ఆడుకో, పో."

ప్రతి మాటా అర్థమైంది. లేచి పక్కకు పోయాను. ఆడుకోవడానికి ఏమీ లేక కుక్క పక్కన కూర్చున్నాను. దానికేదైనా చెప్పాలనిపించింది. ఏ భాషలో చెప్పాలో తెలియలేదు.

పొద్దు గూకకముందే ఎత్తారు. మేము సాయంత్రం బస్సుకు టేకులపల్లి వచ్చాము. బస్సు కిక్కిరిసి ఉంది. "జరగాలె, ముందుకు జరగాలె," అంటున్నాడు కండక్టరు, టికెట్లు కొడుతూ, ఎవరి ముఖమూ చూడకుండా. కుర్రవాడు, మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. అమ్మ నా వైపు చూసింది. ఇద్దరం ముందుకు జరిగాము.

కమ్మీ పట్టుకుని నిలబడి చాలా దూరం వచ్చాక అమ్మ అడిగింది. "నేను అడిగినదానికి ఆ ఆడవాళ్లు ఏదో చెప్పారు కదే. అంతసేపు చెప్పారు. ఏమన్నారు?"

నడుము, కాళ్లు, నోరు, అన్నీ వరుసగా గుర్తున్నాయి. చెప్పడానికి తెలుగు కూడా ఉంది, కావలసినంత ఉంది. అమ్మ ముఖం చూశాను.

"జొరమంట అమ్మా," అన్నాను.

"అంతేనా?"

"అవ్, అంతే."

"అలాగా," అంది అమ్మ.

ఇల్లెందులో బస్సు కాసేపు ఆగుతుంది. బాత్రూముకు వెళ్లాల్సినవాళ్లు అక్కడే వెళ్లి రావాలి, తర్వాత ఖమ్మం దాకా ఆపరు.